ఎర్ర వెలుగులో పచ్చ చీర

మొన్న మా వీధి చివర కొత్తగా పెట్టిన కాఫీ అంగట్లో, గోడ మీద ఎర్రగా ఏదో వెలుగుతాంటే లోపలికి పోయినా. కాఫీ కోసం కాదు, దాన్ని చూద్దామనే. దగ్గరికి పోయి వేలితో తాకితే మెత్తగా ఉండాది. ప్లాస్టిక్కు గొట్టం, దాంట్లో చిన్న చిన్న దీపాల పట్టీ. "ఇదేంది పాపా?" అని అడిగితే కౌంటరు కాడుండే అమ్మాయి "నియాన్ బోర్డు తాతా" అనింది. ముప్పై ఏండ్లకు పైన ఆ పని చేసినోణ్ణే గానీ, ఆ పాపతో జగడమాడి ఏం సాధించల్ల? కాఫీ కూడా నీళ్ళ మాదిరి ఉన్నింది. తాగి ఇంటికొచ్చినా. వచ్చినంక మాత్రం మనసు ఊరుకోలేదు. ఆ ఎరుపు కోసం లోపల ఒకటే గుంజుడు. అందుకే ఇది రాస్తాండా.

బోర్డుల పని చేసే పిల్లలెవరన్నా చదివితే, మీ పనిని తక్కువ చేస్తాండానని కోపం తెచ్చుకోవద్దు. మీది మీకు గొప్ప. కానీ నియాన్ అంటే గాజు. పెన్సిలు లావు గాజు గొట్టాన్ని మంట మీద పెట్టి తిప్పుతాంటే, ఒకచోట అది బెల్లం పాకం మాదిరి మెత్తబడుతాది. ఆ ఒక్క క్షణంలోనే వంచల్ల. వంచేటప్పుడు నొక్కుకుపోకుండా గొట్టానికి ఒక కొస మూసి, ఇంకో కొసకు రబ్బరు పైపు తగిలించి, దాన్ని నోట్లో పెట్టుకొని సన్నగా ఊదుతానే ఉండల్ల. ఎక్కువ ఊదితే ఉబ్బుతాది, తక్కువ ఊదితే చప్పిడి అవుతాది. చేతులు రెండూ గాజు మీద, కండ్లు బొమ్మ మీద, ఊపిరి పైపులో. దోమ కుట్టినా గోక్కునేకి లేదు. ఇంగ్లీషు అక్షరాలకైతే నిలువు గీతలన్నా ఉంటాయి, మనవన్నీ గుండ్రాలే. మొదటి ఏడాదంతా నేను వంచినవాటికన్నా పగలగొట్టినవే ఎక్కువ.

వంచినంక లోపలి గాలంతా పంపుతో లాగేసి, గట్టి కరెంటు పెట్టి కాల్చి, లోపల ఏ మలినమూ లేదనుకున్నంక రవ్వంత నియాన్ గ్యాసు వదిలి మూసేయల్ల. పగలు చూస్తే అది ఖాళీ గాజు గొట్టం, దాంట్లో ఏమీ కనపడదు. స్విచ్చి వేస్తే సన్నగా గుయ్యిమంటా ఎర్రగా నిండుకుంటాది. ఆ ఎరుపు నేను ఇంక యాడా చూడలేదు. పొయ్యి మంటలో లేదు, మందారంలో లేదు.

నాకు పని నేర్పినాయన్ని మేమందరం ఉస్తాదనే పిలిచేటోళ్ళం. అనంతపురంలో ఒక సందులో ఆయన కార్ఖానా. బళ్ళారిలో నేర్చుకొని వచ్చి ఈడ పెట్టినాడు. నీలం, పచ్చ కూడా చేసేటోళ్ళం, కానీ ఆయనకు ఎరుపంటేనే ప్రాణం. "మిగతా రంగులకు పాదరసం వేయల్ల, పొడి పూయల్ల. ఇది ఒక్కటే దాని సొంత రంగు మియా" అనేటోడు. కుందుర్పి టాకీసుకు మేమే చేసినాం. వజ్రకరూరు దారిలో ఒక దాబాకు చేసినాం. మన నేల మీద అడ్డంగా చెట్టు లేదు, కొండ లేదు, ఆ బోర్డు రెండు మైళ్ళ నుంచే కనపడుతా ఉన్నింది. దాన్ని పెట్టిన పొద్దు ఉస్తాదు, నేను రెండు మైళ్ళు వెనక్కి నడిచిపోయి, రోడ్డు పక్కన కూర్చొని చూసినాం. ఎవరూ చూడమనలేదు, మాకే చూడాలనిపించింది. ఉస్తాదు పోయి శానా ఏండ్లాయ. ఆ పొద్దు ఆయన పక్కన కూర్చున్న రాయి మీద ఇంకొకసారి కూర్చోవాలని ఇప్పటికీ ఉంటాది.

నేను చెప్పాలనుకున్నది ధర్మవరం బోర్డు గురించి.

అప్పటికే ఫ్లెక్సీలు వచ్చేసినాయి. ఒక పూటలో అచ్చు కొట్టి ఇస్తాంటే మా గాజు ఎవరిక్కావల్ల? కార్ఖానాలో పని తగ్గిపోయి, మంట ముట్టించని దినాలే ఎక్కువాయ. అట్లాంటప్పుడు ధర్మవరం నుంచి ఒక పట్టు చీరల అంగడి సావుకారి వచ్చినాడు. కొత్తగా అంగడి పెద్దది చేసినాడంట. చీరలు పరిచి చూపించే మెత్త పైన, గోడ నిండుగా జంట హంసలు కావల్లన్నాడు, ఎరుపులో. చీర అంచు మీద నేసే హంసల మాదిరే ఉండల్లన్నాడు. "నువ్వు చెయ్యి" అని ఉస్తాదు నాకే అప్పజెప్పినాడు.

నెల దినాలు చేసినా. ఒక్కో హంస ముక్కు నుంచి తోక దాకా ఒకటే గొట్టం, అతుకు లేదు. మూడు హంసలు పగిలినంక రెండు నిలిచినాయి. వాటి మెడ ఒంపు తీసినప్పుడు ఉస్తాదు లేచి నిలబడినాడు. ఆయన లేచి నిలబడడమే పెద్ద మెప్పు.

ఒక తప్పు అప్పుడే చేసినా, అది తప్పని తెలియకుండానే. మీకు తెలుసో లేదో, మన పక్క సందేళకు బోర్ల మోటార్లన్నీ ఒక్కసారి ఆడుతాయి. శెనక్కాయ చేన్లకు నీళ్ళు కట్టే కాలంలో ఊళ్ళో కరెంటు నీరసపడిపోతాది. ట్యూబులైట్లు టుక్కుటుక్కుమంటాయే గానీ వెలగవు. నా హంసలు మాత్రం ఎప్పుడూ ఆరిపోగూడదని, గొట్టానికి కరెంటు పెంచి ఇచ్చే ట్రాన్స్‌ఫార్మరు కావల్సినదానికన్నా పెద్దది పెట్టినా. "ఎందుకు మియా అంత పెద్దది?" అని ఉస్తాదు అడిగితే, "ఊరంతా ఆరిపోయినా ఇవి వెలగల్ల" అన్నా. నిజంగానే వెలిగినాయి. మొబ్బు పడే యాళకు అంగట్లో ట్యూబులైట్లన్నీ చచ్చిపోతే నా హంసలొక్కటే ఎర్రగా వెలిగేవి. ఆ వెలుగులో జరీ నిప్పు కణికల మాదిరి మెరిసేది. సావుకారి ఆనందం చెప్పేకి లేదు. "అన్నా, నీ హంసలొచ్చినాక నా అంగడికి కళ వచ్చింది" అని పది మందికి చెప్పుకున్నాడు. కదిరిలో, హిందూపురంలో పెట్టబోయే అంగళ్ళకు కూడా నేనే చేయల్లన్నాడు. కార్ఖానాలో మళ్ళా మంట ముట్టిస్తామని మాకు ప్రాణం లేచొచ్చింది.

ఆ అంగడికి నేసే వాళ్ళలో ఒక పెద్దాయన ఉన్నాడు. సావుకారి నాయన కాలం నుంచీ నేస్తాన్నాడు. అంగడోళ్ళు పట్టు, జరీ ఇస్తే, రంగు ఆయనే అద్దుకొని, పడుగు పోసుకొని నేసేటోడు. రంగు కలపడంలో ఆయనకు ధర్మవరంలో పేరుండాది. నల్లమాడ పక్కనుంచి ఒక పెండ్లోళ్ళు వచ్చి, చచ్చిపోయిన అవ్వ చీర కొంగు ముక్క ఒకటి ఇచ్చి, పెండ్లికూతురికి ఇదే పచ్చలో చీర కావల్లన్నారంట. ఆ పని ఈ పెద్దాయనకే పోయింది.

ఆయనకొక అలవాటు. చీర మగ్గం మీంచి కోసినంక ఇంట్లో దీపం పెట్టి, ఆ దీపానికి చూపించి, అప్పుడే అంగడికి తెచ్చేటోడు. పొద్దుండగా ఎప్పుడూ తేలేదు. ఆ చీర కూడా దీపాలు పెట్టినంకనే తెచ్చినాడు. సావుకారి మెత్త మీద చీర పరిచి, పక్కన అవ్వ కొంగు పెట్టి చూస్తే రెండూ వేరే వేరేగా ఉన్నాయంట. ఒకటి నల్లగా, ఒకటి వక్క రంగుగా. దాన్ని అంగట్లోనే ఒక మూల పెట్టేసి, ఇంకొకటి నేయమన్నాడు. పెద్దాయన కొంగు ముక్క తీసుకుపోయి, మళ్ళా రంగద్ది ఇంకొకటి నేసినాడు.

ఆ రెండో చీర తెచ్చిన పొద్దు నేను ఆ అంగట్లోనే ఉన్నా. హంసల కాడ గుయ్యిమనే శబ్దం రవ్వంత ఎక్కువైందంటే చూసేకి పోయినా. నిచ్చెన మీద ఉండగానే ట్యూబులైట్లు పోయినాయి. ఎవరూ పట్టించుకోలేదు, రోజూ జరిగేదే. పెద్దాయన వచ్చి, చెప్పులు బయట విడిచి, చీర విప్పి పరిచినాడు. సావుకారి కొంగు ముక్క పక్కన పెట్టినాడు.

"ఏం మామా ఇది? మళ్ళా అదే కథ."

పెద్దాయన వంగి చూసినాడు. చీరను, కొంగును మార్చి మార్చి చూసినాడు.

"ఇంట్లో కలిసిందప్పా. రెండూ ఒకటిగానే కనపడినాయి."

"ఈడ కలవల్యా కదా. నీ కండ్లతో నువ్వే చూడు."

"అవునప్పా. కలవల్యా."

ఆయన గొంతులో జగడం లేదు, ఓడిపోయినోడు ఒప్పుకున్నట్టే ఉన్నింది. ఎవరితోనో కాదు, తనతోనే చెప్పుకున్నట్టు అన్నాడు. "మా ఇల్లు చీకటి కొంప. ఉన్నది ఒక్క కిటికీ. ఈడ ఇంత వెలుగుండాది. వెలుగులో కనపడిందే నిజం. నా కండ్లే పోయినట్టున్నాయి."

సావుకారి మెత్తగానే చెప్పినాడు. "నాయన కాలం మనిషివి, నిన్ను నేనేమంటా మామా? శానా నేసినావు. ఇంక పట్టు, జరీ ఇయ్యను, ఇంటికాడ ఉండు." కోపంగా చెప్పింటే బాగుండు.

నేను నిచ్చెన మీదే ఉన్నా. ఆ పొద్దు నేను నీలం చొక్కా తొడుక్కొని పోయింటి. చెయ్యి చాపి తీగ పట్టుకోబోతే నా చొక్కా చెయ్యి నల్లగా కనపడింది. బొగ్గు మాదిరి నల్లగా. అప్పుడు నాకు సంగతి తెలిసింది. నియాన్ వెలుగులో పచ్చ లేదు, నీలం లేదు, అంతా ఎరుపే. ఆ వెలుగు కింద పచ్చ చీర పచ్చగా ఎట్ల కనపడుతాది? అవ్వ కాలంలో అద్దిన రంగు మందు వేరే, ఇప్పటిది వేరే. ఎండలో రెండూ ఒకటే పచ్చ. నా ఎరుపు కింద మాత్రం దేని దారి దానిదే. ఆ పెద్దాయన కండ్లకు ఏమీ కాలేదు.

చెప్పాలనుకున్నా. నోరు తెరిచినా కూడా. అప్పుడే సావుకారి తల పైకెత్తి, "అన్నా, కదిరి అంగడికి నెమళ్ళు చేద్దామా?" అన్నాడు. నేను "చేద్దామన్నా" అన్నా. పెద్దాయన చీర మడిచి, చంకలో పెట్టుకొని, మెట్లు ఒక్కొక్కటే కాలితో తడుముకుంటా దిగిపోయినాడు. అంతకు ముందు ఆయన మెట్లు తడుముకోలేదు. ఎక్కేటప్పుడు చూసినా, మామూలుగానే ఎక్కినాడు.

ఇంటికొచ్చినంక నాకు నేను శానా చెప్పుకున్నా. ఒక చీరేగదా అనుకున్నా. వయసైనోడు, ఎట్లన్నా మానేసేదే అనుకున్నా. నేను చెప్పకపోయినా ఆయనే పగలు పూట ఇంకెవరికన్నా చూపించి తెలుసుకుంటాడులే అనుకున్నా. ఇది మాత్రం నాకు నేను చెప్పుకున్న అబద్ధం. అంగడి తిప్పిపంపిన చీరను ఏ నేసేవాడూ పక్కింటోళ్ళకు చూపించడు. మడిచి పెట్టె అడుగున పెడ్తాడు. ధర్మవరం చుట్టుపక్కల తిరిగినోణ్ణి, అది నాకు తెలీదా?

నెమళ్ళ బొమ్మ గీసేకి కూర్చుంటే చెయ్యి ఆడలేదు. మంట ముట్టిస్తే ఊపిరి సరిగ్గా రాలేదు, గాజు ఊరికే ఉబ్బిపోయింది. దినమూ రెండు మూడు గొట్టాలు పాడుచేస్తాంటే ఉస్తాదు చూస్తానే ఉన్నాడు. పదహైదో దినం నా నోట్లోంచి రబ్బరు పైపు తీసేసి, "ఏమైంది?" అన్నాడు. అంతా చెప్పినా. ఆయన మంట ఆర్పేసినాడు.

"ఆ ముసలాయన ఎన్ని దినాల నుంచి పని లేకుండా ఉన్నాడు?"

"పదహైదు."

"నన్ను చెప్పమంటే చెప్తా. ఉస్తాదును నేనే కాబట్టి తప్పు నాదే అని చెప్తా. కానీ హంసలు నీవి మియా."

"కదిరి పని పోతాది ఉస్తాదా. ఇదే మనకు ఆఖరి పని."

"పోనీ" అన్నాడు. ఆ మాట అనేకి ఆయనకు ఎంత కష్టమో నాకు తెలుసు. ఆ వారం కార్ఖానాకు ఇంకెవరూ రాలేదు.

మరుసటి దినం మిట్టమధ్యాన్నం ధర్మవరం పోయినా. "అన్నా, ఆ పచ్చ చీర, అవ్వ కొంగు కావల్ల. ఎండలోకి రా" అన్నా. మొదటి చీర అంగట్లోనే ఉండిపోయింది, రెండోది పెద్దాయన ఇంట్లో ఉండాది. ఉన్న చీరనే కొంగుతో కలిపి రోడ్డు మీద ఎండలో పట్టుకున్నా. సావుకారి చూసినాడు. చీర ఏదో కొంగు ఏదో తెలియనట్టు కలిసిపోయినాయి. లోపలికి తీసుకుపోయి, ట్యూబులైట్లు ఆర్పి, తలుపులు మూసి, హంసలు వేసినా. మళ్ళా విడిపోయినాయి. బయటికి, లోపలికి, ఆయన నాలుగు సార్లు తిరిగినాడు.

అరుస్తాడనుకున్నా. అరవలేదు. మెత్త మీద కూర్చొని మొగం తుడుచుకున్నాడు. "ఆయన ఒళ్ళో కూర్చొని మగ్గం చూసినోణ్ణి నేను. నా నోటితో ఆయన కండ్లు పోయినాయని ఒప్పించినా కదన్నా" అన్నాడు.

"చిన్న ట్రాన్స్‌ఫార్మరు పెడ్తా. ట్యూబులైట్లతో పాటే ఆరిపోయేట్టు చేస్తా" అన్నా. చూడండి నా ఆశ, అప్పుడు కూడా హంసలు మిగలాలనే అడిగినా.

"వద్దు. ఇది ముందు తీసెయ్. తీసినంక ఆయన కాడికి పోదాం. ఆ మాట నువ్వే చెప్పల్ల."

తీసే ముందు, తలుపులు మూసే ఉన్నాయి కాబట్టి, ఒక్క నిమిషం అట్లనే వెలగనిచ్చినా. చేసిన పాపం అంతా తెలిసి కూడా, ఆ మెడ ఒంపులో ఎరుపు పారుతాంటే నాకు ఎంత బాగుండిందంటే, చెప్తే మీరు తిట్టుకుంటారు. తిట్టుకోండి. అంత మంచి పని నేను అంతకు ముందు చేయలేదు, తర్వాత చేయలేదు. ఇప్పుడు ఆ కాఫీ అంగట్లోకి నన్ను లాగింది కూడా ఆ ఒక్క నిమిషమే. స్విచ్చి తీసేసి, తీగలు విప్పి, రెండు హంసలనూ ఎండుగడ్డిలో పొదిగి పెట్టెలో పెట్టినా. తర్వాత అవి ఏ అంగడికీ పోలేదు. కదిరి నెమళ్ళూ లేవు. ఏడాది తిరిగేలోపే కార్ఖానా మూసేసినాం.

పెద్దాయన ఇల్లు నాలుగు సందుల అవతల. పోయేసరికి మగ్గం మీద గుడ్డ కప్పి ఉండాది. ఆయన భార్య గుంజకు ఆనుకొని కూర్చోనింది. ఆయమ్మకు కండ్లల్లో పొర వచ్చి అప్పటికే సగం చూపు పోయింది. పెద్దాయన గోడ పక్కన నిలబడి ఉన్నాడు. సావుకారి ఆయన చెయ్యి పట్టుకొని వాకిట్లోకి తీసుకొచ్చి, పెట్టె అడుగునున్న చీర తెప్పించి, అవ్వ కొంగు పక్కన పెట్టి చూపించినాడు. నేను చెప్పల్సిందంతా చెప్పినా. ఎర్ర దీపం సంగతి, పెద్ద ట్రాన్స్‌ఫార్మరు సంగతి, అన్నీ. ఆయన చీరను ఎండలో శానాసేపు పట్టుకొని ఉన్నాడు.

"మామా, రేపే పట్టు, జరీ తెచ్చిస్తా. నువ్వే నేయల్ల" అన్నాడు సావుకారి. పెద్దాయన తల ఊపినాడు. తర్వాత నా వైపు తిరిగినాడు.

"నీకెప్పుడు తెలిసిందప్పా?"

అబద్ధం చెప్పొచ్చు. నిన్ననే తెలిసిందంటే అయిపోతాన్నింది.

"ఆ పొద్దే, పెద్దాయనా. నువ్వు మెట్లు దిగేటప్పుడు నేను నిచ్చెన మీద ఉన్నా."

ఆయన తిట్టలేదు. కండ్లు మూసుకొని, గడప దాటి ఇంట్లోకి నడుచుకుంటా పోయినాడు. నోట్లో మెల్లగా లెక్కపెట్టుకుంటా పోయినాడు. దేనికీ తగలలేదు. నీళ్ళ తొట్టి కాడ ఆగి, చెయ్యి చాపి, దాని అంచు మీద సరిగ్గా పెట్టినాడు. అప్పుడు కండ్లు తెరిచి నన్ను చూసినాడు.

"పదకొండు అడుగులు. పొయ్యి కాడికి తొమ్మిది, మంచం కాడికి ఆరు. ఈ పదహైదు దినాలూ ఇదే పని. ఆమెకు సగమే కనపడుతాది, నాకు కూడా పోతే ఎట్లప్పా? ఇద్దర్లో ఒకరన్నా దోవ నేర్చుకోవల్ల కదా."